ఎన్‌క్లెక్స్: తప్పుతున్నానేమో అనిపించే పరీక్షలో నిబ్బరంగా కూర్చోవడం ఎలా

ఎస్సార్ నగర్, అమీర్‌పేట చుట్టుపక్కల లేడీస్ హాస్టళ్లలో ఉదయం తొమ్మిదిన్నరకి ఒక దృశ్యం మామూలే. నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సు ఇంకా యూనిఫాం కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుని, ఒళ్లో ఉప్మా ప్లేటు, ఎదురుగా దిండు మీద ల్యాప్‌టాప్, యాభై ప్రశ్నల టెస్టు ఒకటి పూర్తి చేస్తుంది. స్క్రీన్ మీద 54 శాతం అని వస్తుంది. ఇంటర్‌లో, నర్సింగ్‌లో ఎప్పుడూ 75కి తగ్గని అమ్మాయి. ఉప్మా అలాగే పక్కన పెట్టేసి, నాకు ఇంక రాదులే అని పడుకుంటుంది. నిజానికి ఆ 54 అంత చెడ్డ అంకె ఏమీ కాదు. ఆ అమ్మాయి కంగారంతా ఆ అంకెని ఎలా చదవాలో తెలియక వచ్చింది. అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష టెన్షన్‌లో పెద్ద భాగం ఇలాంటిదే, సబ్జెక్టు రాకపోవడం కన్నా పరీక్ష ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వల్ల పుట్టేది. కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం, చదువు సంగతి తర్వాత.

మన దగ్గర జీఎన్ఎం డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పాసైతే, స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని డ్యూటీలో చేరిపోవచ్చు, లైసెన్సు కోసం విడిగా ఇంకో పరీక్ష ఉండదు. అమెరికాలో అలా కాదు. అక్కడే చదివిన అమ్మాయి అయినా, హైదరాబాద్‌లో పదేళ్లు ఐసీయూ చూసిన సిస్టర్ అయినా రిజిస్టర్డ్ నర్సు (ఆర్ఎన్) లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ దాటాల్సిందే. 2015 నుంచి కెనడాలో చాలా ప్రాంతాలు కూడా దీన్నే తీసుకున్నాయి, ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే చాలామంది విదేశీ నర్సులకీ ఇప్పుడు ఇదే మెట్టు. అంటే మనవాళ్లు చాలామంది కాలేజీ వదిలిన నాలుగైదేళ్లకి, డ్యూటీలు చేస్తూ, ఒక్కోసారి పెళ్లయి పిల్లలు పుట్టాక, జీవితంలో మొదటిసారి లైసెన్సింగ్ పరీక్షకి కూర్చుంటున్నారు. పైగా మనం అలవాటు పడ్డ పరీక్ష వేరు. యూనివర్సిటీ పేపర్లో నిర్వచనం రాయండి, కారణాలు రాయండి, నర్సింగ్ మేనేజ్‌మెంట్ వివరించండి అని అడుగుతారు, బొమ్మ గీసి, సైడ్ హెడ్డింగ్‌కి గీత కొట్టి, నాలుగు పేజీలు నింపితే మార్కులు పడతాయి. ఎన్‌క్లెక్స్ మీకేం గుర్తుందని అడగదు. ఇప్పుడు ఈ పేషెంట్ దగ్గర ఏం చేస్తావు, ముందు ఏది చేస్తావు అని అడుగుతుంది.

ఇక కంప్యూటర్ సంగతి. 1994 నుంచి ఈ పరీక్ష అభ్యర్థిని బట్టి మారే పద్ధతిలో నడుస్తోంది. ఐసీయూలో చేసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ మందు ఇన్ఫ్యూజన్ పెట్టినప్పుడు బీపీ చూస్తూ రేటు కాస్త పెంచుతాం, కాస్త తగ్గిస్తాం, పేషెంట్‌కి ఎక్కడ సరిపోతుందో దొరికేదాకా ఆ సర్దుబాటు ఆగదు కదా, కంప్యూటర్ చేసేదీ అదే. మీరు సరిగ్గా జవాబిస్తే తర్వాతి ప్రశ్న కాస్త బరువైనది ఇస్తుంది, తప్పితే కాస్త తేలికైనది. అలా వెతుక్కుంటూ మీరు సగం ఒప్పు, సగం తప్పు చేసే స్థాయి దగ్గరకి వచ్చి అక్కడే తిరుగుతుంది. బాగా చదివినవాళ్లకీ అంతే, అంతంతమాత్రంగా చదివినవాళ్లకీ అంతే. తేడా ఎక్కడంటే, ఒకరు బరువైన ప్రశ్నల్లో సగం చేస్తారు, ఇంకొకరు తేలికైన వాటిలో సగం చేస్తారు. ఆ స్థాయి పాస్ గీతకి పైన ఉందా, కింద ఉందా అన్నదే ఫలితం. మార్కులు లేవు, ర్యాంకు లేదు, డిస్టింక్షన్ లేదు.

దీనర్థం ఏమిటో ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ, పాసయ్యేవాళ్లకి కూడా, పరీక్ష మధ్యలో "నాకు సగం రావట్లేదు" అనే అనిపిస్తుంది. ఆ భావన పరీక్షలోనే అమర్చి ఉంది. ఎప్పుడూ తొంభైల్లో మార్కులు తెచ్చుకున్న పిల్లకి ఇది మరీ దారుణంగా అనిపిస్తుంది, ఎందుకంటే తను రాసిన ఏ పరీక్షలోనూ సగం తప్పడం అంటే మంచి సంగతి కాదు. ఇక్కడ మాత్రం అది మామూలు సంగతి. ఈ ఒక్క ముక్క మనసుకి పట్టిన అమ్మాయి, పట్టని అమ్మాయి ఒకే సిలబస్ చదివి వెళ్లినా నలభయ్యో ప్రశ్న దగ్గర ఇద్దరి చేతులూ ఒకేలా ఉండవు.

ప్రశ్నలు తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150, సమయం మొత్తం 5 గంటలు. మీ స్థాయి గీతకి పైనో కిందో ఉందని 95 శాతం నమ్మకం కుదిరిన చోట కంప్యూటర్ ఆగిపోతుంది. అందుకే 85 దగ్గర ఆగితే పాస్, 150 దాకా సాగితే ఫెయిల్ అని హాస్టళ్లలో తిరిగే మాట తప్పు. 85 దగ్గర ఆగి పాసైనవాళ్లూ ఉంటారు, ఫెయిలైనవాళ్లూ ఉంటారు. నూట ఇరవై దాటి ఇంకా ప్రశ్నలు వస్తున్నాయంటే మీరు గీతకి దగ్గర్లోనే ఉన్నారు, కంప్యూటర్ ఇంకా తేల్చుకోలేదు, మీకు ఇంకా అవకాశం ఉంది అని. సరిగ్గా అలాంటి చోట, ఇంక అయిపోయిందిలే అని గబగబా నొక్కేసి బయటికి వచ్చేయడం ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి, అందులో 15 ప్రశ్నలకి మార్కే లేదు. ముందు ముందు వాడడానికి పరీక్షించి చూసుకునే ప్రశ్నలు అవి, ఏవో మీకు చెప్పరు. జన్మలో వినని మందు పేరు, ఏ పుస్తకంలోనూ కనపడని జబ్బు వచ్చిందా, అది ఆ పదిహేనులో ఒకటి అయి ఉండొచ్చు. ఉన్నంతలో ఆలోచించి జవాబు పెట్టి ముందుకెళ్లాలి. వెనక్కి వెళ్లి మార్చే వీలు ఎలాగూ లేదు, కాబట్టి పోయిన ప్రశ్నని మోసుకుని తర్వాతి ప్రశ్నలోకి వెళ్తే రెండూ పోతాయి.

చాలామంది హాల్లో చేసే పొరపాటు ఇంకొకటుంది, వచ్చిన ప్రశ్న సులువా కష్టమా అని తూచుకుంటూ కూర్చోవడం. "ఇది మరీ ఈజీగా ఉందే, అంటే ముందుది తప్పానా, కిందికి పడిపోయానా" అని లోపల ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. ఆ లెక్క మీరు చేయలేరు. ఒక ప్రశ్న ఎంత బరువైనదో అంతకుముందు దానికి జవాబిచ్చిన అభ్యర్థుల ఫలితాలని బట్టి నిర్ణయిస్తారు. మీకేమో మీ వార్డుని బట్టి అనిపిస్తుంది. డయాలసిస్ యూనిట్లో మూడేళ్లు చేసిన సిస్టర్‌కి కిడ్నీ ప్రశ్న ఎంత గట్టిదైనా సులువుగానే ఉంటుంది, అదే అమ్మాయికి బాలింత ప్రశ్న తేలికైనది వచ్చినా చెమట పడుతుంది. పరీక్ష ఎలా పోతోందో లోపల కూర్చుని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు, అందుకే ఆ ప్రయత్నం మానేసి ఎదురుగా ఉన్న పేషెంట్‌ని చూడడమే మంచిది.

ఇప్పుడు చదువు. ఒక ప్రశ్నని దగ్గర నుంచి చూద్దాం. డ్యూటీ మొదలైంది, నలుగురు పేషెంట్లు, ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు? ఒకరికి నిన్న ఆపరేషన్ అయింది, నొప్పి పదికి ఏడు అంటున్నారు. రెండో ఆయనకి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 90. మూడో ఆవిడకి కొన్ని గంటల క్రితం థైరాయిడ్ తీసేశారు, పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరిగా ఉందంటోంది. నాలుగో ఆయనకి షుగర్, గ్లూకోజ్ 220. మన వార్డు అలవాటు ప్రకారం నొప్పితో అరుస్తున్న పేషెంట్ దగ్గరికి పరుగెడతాం, ఎందుకంటే ఆయన తాలూకు అటెండెంట్ అప్పటికే మూడుసార్లు స్టేషన్ దగ్గరికి వచ్చి అడిగి ఉంటాడు. కొంతమంది ఏబీసీ (ముందు శ్వాసమార్గం, తర్వాత ఊపిరి, తర్వాత రక్తప్రసరణ) అని బట్టీ పట్టిన సూత్రం ప్రకారం 90 అంకె చూసి సీఓపీడీ ఆయన దగ్గరికి వెళ్తారు. కానీ సీఓపీడీ ఉన్నవాళ్లకి 88 నుంచి 92 మధ్య ఉంచడమే సాధారణంగా లక్ష్యం, అది ఆయనకి ఊహించిన అంకె. నొప్పి కూడా ఆపరేషన్ మర్నాడు ఊహించిందే. 220 చూసుకోవాలి, అయితే ఈ నిమిషానికి ప్రాణం మీదికి వచ్చేది కాదు. థైరాయిడ్ ఆవిడ మాట మాత్రం మెల్లగా వచ్చినా, పక్కనే ఉండి కాల్షియంని చూసుకునే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని రక్తంలో కాల్షియం పడిపోతోందన్న సూచన అది. వదిలేస్తే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడని స్థితి రావచ్చు. కాబట్టి ముందు ఆవిడ.

ఈ ఒక్క ప్రశ్నలో ఎన్‌క్లెక్స్ ఆలోచన దాదాపు మొత్తం ఉంది. జబ్బుకి ఊహించినది ఏది, ఊహించనిది ఏది, ఆగగలిగేది ఏది, ఆగలేనిది ఏది. మీరు చదివే ప్రతి జబ్బునీ ఈ నాలుగు ప్రశ్నలతో చదివితే చాలు. లక్షణాల జాబితాని పాటలా అప్పజెప్పగలిగినా, వాటిలో ఏది కనిపిస్తే పరుగెత్తాలో తెలియకపోతే ఆ బట్టీ ఇక్కడ అక్కరకి రాదు.

అనుభవం ఉన్న నర్సులకి ఒక ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. మన వార్డులో ఏం చేస్తామో అదే జవాబు పెట్టేస్తాం. బ్లడ్ ఎక్కుతుండగా చలి, నడుం నొప్పి అంటే మన దగ్గర చాలాచోట్ల చేయి ముందు ఫోన్ మీదికి వెళ్తుంది, డాక్టర్ గారికి చెప్పాలి కదా అని. ఎన్‌క్లెక్స్‌లో ముందు ఎక్కించడం ఆపాలి, సెలైన్‌తో లైన్ నిలబెట్టాలి, ఆ తర్వాతే ఫోన్. నర్సు తన చేతిలో ఉన్న పని చేశాకే డాక్టర్‌కి చెప్పడం అన్నది ఆ పరీక్ష చూసే క్రమం. అలాగే పని అప్పగించే ప్రశ్నలు. మన దగ్గర ఒళ్లు తుడవడం, నడిపించడం చాలావరకు ఇంటివాళ్లో ఆయానో చూసుకుంటారు. అక్కడ ప్రశ్నల్లో సహాయకులు, ఎల్‌పీఎన్ (ఆర్ఎన్ కన్నా కింది స్థాయి లైసెన్సు ఉన్న నర్సు), ఆర్ఎన్ అని మూడు మెట్లు ఉంటాయి, ఎవరికి ఏది ఇవ్వొచ్చు అని అడుగుతారు. ఆర్ఎన్ మొదటి అసెస్‌మెంట్‌నీ, పేషెంట్‌కి మొదటిసారి నేర్పడాన్నీ, ఫలితం అంచనా వేయడాన్నీ ఎవరికీ అప్పగించదు అన్నది గట్టిగా పట్టుకుంటే వీటిలో చాలా ప్రశ్నలు విడిపోతాయి. పేషెంట్ల పని పంచడం, హక్కులు, ప్రాధాన్యం వంటివన్నీ కలిసిన భాగం 2023 టెస్ట్ ప్లాన్‌లో 15 నుంచి 21 శాతం, అన్నిటికంటే పెద్దది అదే. మనవాళ్లు దానికి ఇచ్చే సమయం చూస్తే బాధేస్తుంది, ఎంతసేపూ హార్ట్, కిడ్నీ, లివర్ మీదే ఉంటారు.

మందుల పేర్లు ఇంకో చిక్కు. వార్డులో లాసిక్స్, మోనోసెఫ్ అని అలవాటు. పరీక్షలో ఫ్యూరోసిమైడ్, సెఫ్ట్రియాక్సోన్ అని అసలు పేర్లే వస్తాయి. పారాసిటమాల్‌ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, సాల్బుటమాల్‌ని అల్బ్యుటరాల్ అంటారు, అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్ అంటారు. రోజూ నెబ్యులైజర్ పెట్టే చేయే అల్బ్యుటరాల్ అన్న పేరు చూసి ఇదేం మందురా అని ఆగిపోతుంది. దీనికి కోచింగ్ అక్కర్లేదు, డ్యూటీలో మందులు వేస్తున్నప్పుడే ట్రే మీద ఉన్న ప్రతి స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదివి, అది ఏ గుంపు మందు, ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి అని మనసులో ఒక్కసారి అనుకుంటే నెల రోజుల్లో సగం ఫార్మకాలజీ కదులుతుంది. బరువు పౌండ్లలో ఇచ్చి కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని అడిగే లెక్కలూ ఉంటాయి, 2.2తో భాగించడం మర్చిపోతే మొత్తం పోతుంది.

ప్రశ్న చదవడం గురించి ఒక్క మాట. "ఇంకా నేర్పించాల్సిన అవసరం ఉందని పేషెంట్ చెప్పిన ఏ మాట తెలియజేస్తుంది" అన్న తరహా ప్రశ్నలో అడిగేది తప్పు మాటని. కంగారులో ఉన్నవాళ్లు సరైన మాటని పట్టుకుని నొక్కేస్తారు. సబ్జెక్టు వచ్చి కూడా పోగొట్టుకునే ప్రశ్నలు ఇవి.

2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త తరహా ఎన్‌క్లెక్స్ వచ్చింది. కేస్ స్టడీలు మూడు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు, పక్కన నర్సు నోట్సు, వైటల్స్, ల్యాబ్ రిపోర్టులు ట్యాబుల్లో ఉంటాయి. చూడగానే ఇంత చదవాలా అని భయమేస్తుంది కానీ నిజానికి ఇది మనవాళ్లకి అనుకూలం, ఎందుకంటే అచ్చం కేస్ షీటు తిరగేసినట్టే ఉంటుంది. ఆరు ప్రశ్నలూ ఒక క్రమంలో వస్తాయి. ముందు ఏ గుర్తులు ముఖ్యమో పట్టుకోవాలి, వాటిని కలిపి చూడాలి, ఏది ముందో తేల్చాలి, ఏమేం చేయొచ్చో ఆలోచించాలి, చేయాలి, చేశాక పేషెంట్ బాగుపడ్డాడా లేదా చూడాలి. హ్యాండోవర్ తీసుకున్న దగ్గర్నుంచి ప్రతి నర్సూ చేసేది ఇదే. ఇంకో మంచి మార్పు, వర్తించేవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో ఇదివరకు ఒక్కటి తప్పినా సున్నా, ఇప్పుడు ఒప్పైన ప్రతిదానికీ మార్కు ఉంది. అయితే తప్పు టిక్కు ఒక మార్కు తీసేస్తుంది కాబట్టి పోయేదేముందిలే అని అన్నీ నొక్కకూడదు, నమ్మకం ఉన్నవి మాత్రమే. అన్నీ తప్పినా ఆ ప్రశ్నకి సున్నాకి కిందికి మాత్రం పోదు.

ఎన్ని ప్రశ్నలు చేయాలి అని అందరూ అడుగుతారు. రోజుకి యాభై చేసి, ప్రతిదానికీ వివరణ పూర్తిగా చదివితే, రోజుకి రెండొందలు చేసి శాతం మాత్రం చూసుకునేవాళ్ల కంటే ముందుంటారు. వీడియోలు మళ్లీ మళ్లీ చూడడం చదివినట్టే అనిపిస్తుంది కానీ గుర్తుకి తెచ్చుకునే ప్రయత్నం చేస్తేనే విషయం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు. వినడం కన్నా, పుస్తకం మూసి ఒక ఖాళీ కాగితం మీద హైపర్‌కలీమియా (రక్తంలో పొటాషియం పెరగడం) గురించి తెలిసింది రాసి చూసుకోవడం మేలు. తప్పిన ప్రశ్నలకి ఒక నోట్‌బుక్ పెట్టి మూడు గళ్లు గీయండి. తెలియక తప్పింది, సరిగ్గా చదవక తప్పింది, తెలిసి కూడా భయంతో మార్చి తప్పింది. పది రోజుల తర్వాత ఏ గడి నిండిందో చూస్తే మీకు కావాల్సింది పుస్తకమా, నిదానమా, ధైర్యమా అన్నది తేలిపోతుంది. చాలామంది మూడో గడి చూసి ఆశ్చర్యపోతారు.

జవాబు మార్చడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మొదట అనుకున్నదే కరెక్ట్, మార్చొద్దు అని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చూస్తే, మార్చినవాటిలో తప్పు నుంచి ఒప్పుకి మారినవే ఎక్కువ. కాబట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లేలోపే, ప్రశ్నలో ఇంతకుముందు చూడని ముక్క కనపడితే మార్చండి. కొత్తగా ఏమీ కనపడలేదు, కేవలం గుండె దడ వల్ల ఇది కాదేమో అనిపిస్తోంది అంటే మాత్రం అలాగే ఉంచి ముందుకెళ్లండి.

రీకాల్ ప్రశ్నలు (ముందు రాసినవాళ్లు గుర్తుపెట్టుకుని చెప్పినవి), లీకైన పీడీఎఫ్‌లు అని డబ్బులు అడిగేవాళ్ల జోలికి పోవద్దు. లోపల చూసిన ప్రశ్నలు బయట చెప్పనని పరీక్షకి ముందే ఒప్పుకోవాలి, పైగా అందరికీ వేర్వేరు ప్రశ్నలు వచ్చే పరీక్షలో ఇంకొకరికి వచ్చినవి బట్టీ పట్టి ఏం లాభం.

పన్నెండు గంటల డ్యూటీ, మియాపూర్ నుంచి మలక్‌పేట దాకా రానుపోను మెట్రో, హాస్టల్లో నలుగురి మధ్య ఒక మంచం. ఈ బతుకులో రోజుకి ఎనిమిది గంటలు చదవండి అనే సలహా క్రూరమైనది. రెండు గంటలు నిజంగా చదివితే చాలు, మూడు నాలుగు నెలలు అలా ఆగకుండా సాగితే అది పెద్ద సరుకే. నైట్ దిగాక కళ్లు మూసుకుపోతున్నప్పుడు టెస్టు రాసి, ఆ శాతం చూసి ఏడవడం మాత్రం మానాలి. ఆ స్కోరు మీ నిద్రలేమిది. నిద్రపోయి లేచాక రాయండి. పరీక్షకి కనీసం వారం ముందు నుంచి నైట్లు లేకుండా సిస్టర్ ఇన్‌చార్జిని అడిగి, కుదరకపోతే సెలవు పెట్టుకుని, పరీక్ష టైముకి మెలకువగా ఉండేలా ఒళ్లుని మళ్లించుకోవాలి.

ఇంకా రెండు మూడు ఆదివారాలు ఒక పని చేయాలి. ఫోన్ వేరే గదిలో ఇచ్చేసి, నీళ్ల సీసా కూడా దూరంగా పెట్టి, ఒకే కుర్చీలో 85 కాదు, 150 ప్రశ్నలు ఒకేసారి రాయాలి. మార్కుల కోసం కాదు. వందో ప్రశ్న దగ్గర నడుం లాగడం, కళ్లు మండడం, లేచిపోవాలనిపించడం ఎలా ఉంటుందో ఒంటికి ముందే తెలియాలి. తెలిసిన బాధ పరీక్ష రోజు అంతగా భయపెట్టదు. ఎప్పుడూ యాభై యాభై చేసుకుంటూ వెళ్లినవాళ్లు, 85 దాటి స్క్రీన్ ఆగకపోతే అక్కడే చెదిరిపోతారు.

నిబ్బరం పుట్టుకతో వచ్చే గుణం అనుకుంటాం, ఆమెకి టెన్షన్ ఉండదు, నాకు ఎక్కువ అని. కానీ అదే అమ్మాయి క్యాజువాలిటీలో పేషెంట్ ఆగిపోతే సీపీఆర్ మొదలుపెడుతుంది, చేయి వణకదు. ఎందుకంటే అది చాలాసార్లు చేసిన పని, ఒంటికి అలవాటు. పరీక్షలో నిబ్బరం కూడా అలాగే ముందుగా సాధన చేసుకుని తీసుకెళ్లాల్సిన వస్తువు. ఆపరేషన్‌కి వెళ్లే పేషెంట్‌కి మనమే చెప్తాం కదా, మెల్లగా ముక్కుతో పీల్చి నోటితో వదలండి అని. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. వదలడం పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది, ఎందుకో నర్సులకి వివరించనక్కర్లేదు. దీన్ని పరీక్ష రోజు కొత్తగా మొదలుపెడితే పనిచేయదు. రోజూ ప్రాక్టీసు టెస్టులో ప్రతి పది ప్రశ్నలకి ఒకసారి చేయి మౌస్ మీద నుంచి తీసి, రెండు పాదాలూ నేలకి ఆనించి, మూడు ఊపిర్లు. నెల రోజులు అలా చేస్తే పాదాలు నేలకి ఆనగానే ఒళ్లు దానంతటదే సర్దుకోవడం మొదలవుతుంది.

టెన్షన్ అసలు లేకుండా పోవాలని కోరుకోవద్దు, కొంత ఉంటేనే చురుగ్గా ఉంటాం, మరీ ఎక్కువైతేనే చేటు. పరీక్షకి ముందు పది నిమిషాలు తమ భయాలన్నీ కాగితం మీద రాసేసిన విద్యార్థులు మెరుగ్గా రాశారని 2011లో రామిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు చూపించారు. తెలుగులోనే రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు. అప్పు తీరుతుందా, అమ్మ ఏమనుకుంటుంది, మళ్లీ రాయాలంటే డబ్బు ఎక్కడిది, అన్నీ రాసేసి కాగితం చించేయండి. లోపల గిరగిరా తిరిగే మాటలు కాగితం మీదికి వస్తే తలలో కాస్త చోటు దొరుకుతుంది. స్నేహితురాలు ఇచ్చిందని గుండె దడ తగ్గించే మాత్ర ఏదో ఆ ఉదయం మొదటిసారి వేసుకోవడం మాత్రం వద్దు. అలాంటి మాత్రల్లో ఒకటైన ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్లకి ఏం చేస్తుందో అదే పరీక్షలో అడుగుతారు. నిజంగా అవసరం అనిపిస్తే ముందే డాక్టర్‌ని కలవాలి.

ఇంట్లోవాళ్లు పెట్టే ఒత్తిడి వేరే రకం. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాసినందుకు ఇంకో 150 డాలర్లు, పైన పన్ను, అంటే పరీక్షకే ముప్పై వేలు దాటుతుంది, సర్టిఫికెట్ల పరిశీలన, ఇంగ్లిష్ పరీక్ష ఖర్చులు వేరే. కాబట్టి ఊళ్లో అందరికీ తెలుస్తుంది, అందరూ ఫోన్ చేస్తారు. పరీక్ష తేదీ ఇంట్లో ఒకరికో ఇద్దరికో తప్ప చెప్పకపోవడం మంచిది. పెళ్లి సంబంధం చూస్తున్నవాళ్లకి అసలు చెప్పక్కర్లేదు. అమెరికా బయట చదివి మొదటిసారి రాసేవాళ్లలో దాదాపు సగం మందే పాసవుతున్నారన్న సంగతి మాత్రం ఇంట్లో ముందే చెప్పి ఉంచండి, అమెరికాలో చదివినవాళ్లలో పదిమందికి తొమ్మిది మంది వరకు పాసవుతారు కాబట్టి ఇది తెలివి సమస్య కాదు, చదువు తీరు వేరవడం వల్ల వచ్చిన తేడా అని కూడా చెప్పండి. ఆ మాట విన్న నాన్న, వినని నాన్న ఫలితం రోజు ఒకేలా మాట్లాడరు.

పరీక్ష రోజు పనులు త్వరగా చెప్పుకుందాం, ఒక్కదాని దగ్గర మాత్రం ఆగాలి, అది పేరు. తెలుగువాళ్లకి ఇంటిపేరుతో ఎప్పుడూ గొడవే. పదో తరగతి మెమోలో ముందు ఇంటిపేరు మొదటి అక్షరం, నర్సింగ్ సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, పెళ్లయినవాళ్లకి ఇంకోటి. పరీక్షకి అనుమతిచ్చే ఏటీటీ మీద ఉన్న మొదటి పేరు, చివరి పేరు పాస్‌పోర్టుతో సరిగ్గా కలవాలి. కలవకపోతే తలుపు దగ్గరే వెనక్కి పంపుతారు, ఫీజు పోతుంది. రిజిస్టర్ చేసేటప్పుడే పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి ఎక్కించండి, ఏటీటీ రాగానే ఇంకోసారి చూడండి. దానికి గడువు ఉంటుంది, ఆ తేదీల లోపే రాయాలి.

హైదరాబాద్‌లోనే సెంటర్ ఉండడం మనవాళ్ల అదృష్టం. ముందు రోజు ఒకసారి వెళ్లి చూసి వస్తే, ఆ ఉదయం ఏ గేటు, ఏ లిఫ్టు అని వెతుక్కోనక్కర్లేదు. వానాకాలం అయితే గంట ముందు బయల్దేరాలి, పంజాగుట్ట దగ్గర నీళ్లు నిలిచిన రోజు క్యాబ్‌ని నమ్ముకోవద్దు, మెట్రో వీలైతే అదే మేలు. అరగంట ముందు చేరాలి. ఫోటో, సంతకం, అరచేతి నరాల స్కాన్ తీసుకుంటారు, ఫోన్, వాచీ, తినుబండారాలు అన్నీ లాకర్లో పెట్టాలి. చేతులు చల్లబడి స్కాన్ ఒకసారికి పడకపోతే కంగారు పడకుండా రుద్దుకుని మళ్లీ పెట్టండి. ముందు రాత్రి బిర్యానీ వద్దు, పొద్దున ఇడ్లీనో పెరుగన్నమో, ఒంటికి అలవాటైనదే తినండి. లోపల రాసి చెరిపే బోర్డు, పెన్ను ఇస్తారు. రెండు గంటలకి ఒక విరామం, మూడున్నర గంటలకి ఇంకోటి తీసుకుంటారా అని కంప్యూటర్ అడుగుతుంది, గడియారం ఆగదు, అయినా తీసుకోవాలి. లేచి ముఖం కడుక్కుని, నీళ్లు తాగి, మెడ తిప్పుకుని వచ్చిన అయిదు నిమిషాలు వృథా కావు. ప్రశ్నకి రెండు నిమిషాల చొప్పున ఉంది కాబట్టి ఆ మాత్రం చోటు ఉంటుంది.

స్క్రీన్ ఆగిపోయాక చాలామందికి కాళ్లలో బలం ఉండదు, కొందరికి ఏడుపు వస్తుంది, అది ఫలితానికి సూచన కాదు, అయిదు గంటలు బిగబట్టిన ఒళ్లు వదులవడం మాత్రమే. ఆ రోజు గుర్తున్న ప్రశ్నలు వెతుక్కుంటూ పుస్తకం తీయొద్దు. అమెరికాలో లైసెన్సు ఇచ్చే రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల్లో కొన్నిటి విషయంలో రెండు పనిదినాల తర్వాత చిన్న ఫీజు కట్టి అనధికారికంగా ఫలితం చూసుకోవచ్చు, అసలు ఫలితం బోర్డు నుంచే వస్తుంది, దానికి వారాలు పట్టొచ్చు. మళ్లీ రిజిస్ట్రేషన్‌కి ప్రయత్నించి, అది ఆగిపోతే పాస్ అనుకునే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది, దాన్ని నమ్మి స్వీట్లు పంచినవాళ్లూ, నమ్మి రెండు రోజులు అన్నం మానేసినవాళ్లూ ఉన్నారు.

పాస్ కాకపోతే బోర్డు ఒక రిపోర్టు పంపుతుంది, ఒక్కో విభాగం పక్కన గీతకి పైన, గీతకి దగ్గర, గీతకి కింద అని ఉంటుంది. దాన్ని చింపేయకుండా ఒక వారం ఆగి తీసి చూడండి. గీతకి దగ్గర అని ఉన్న విభాగాలు ముందు చదవాలి, అవి తక్కువ శ్రమతో పైకి వస్తాయి, కింద ఉన్నవి ఆ తర్వాత. మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. మూడు గళ్ల నోట్‌బుక్ మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేయడానికి, తప్పిన ప్రతి ప్రశ్ననీ ఇంకోసారి చేయడానికి ఆ ఆరు వారాలు చక్కగా సరిపోతాయి.